నడకను కొలిచే చోటికి వెళ్లి వచ్చాక

పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నవారి నడకను అధ్యయనం చేసే ఒక పరిశోధనా ప్రయోగశాలలో నేను రెండు రోజులు పరీక్షలు చేయించుకున్నాను. ఆ తరువాత ఏడు రోజులు వాళ్లిచ్చిన సెన్సర్లను చీలమండలకు, నడుముకు కట్టుకుని మా ఇంట్లోనే తిరిగాను. ఈ వ్యాధి నాకు తొమ్మిదేళ్లుగా ఉంది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి పాదాలు నేలకు అతుక్కుపోవడం మాత్రం మూడేళ్ల క్రితం మొదలైంది. ఇలాంటి అధ్యయనంలో చేరతారా అని మా న్యూరాలజిస్టు అడిగినప్పుడు రెండు నెలలు ఏ సంగతీ తేల్చుకోలేకపోయాను. అక్కడ ఏం చేస్తారో, ఎంత అలసట కలుగుతుందో, నాకేమైనా ఒరుగుతుందో లేదో వెళ్లి వచ్చినవారెవరైనా వివరంగా రాసి ఉంటే బాగుండునని అప్పుడు ఎంతో అనిపించింది. నాలాగే తేల్చుకోలేక ఉన్నవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. ఇందులో మెప్పుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి కనుక ఆ సంస్థ పేరు రాయడం లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వాళ్ల పని నాణ్యమైనది, మనుషులు ఓపికగలవారు, పరికరాలు మంచివి. అయినా ప్రయోగశాలలో జరిగిన కొలత కన్నా ఇంట్లో జరిగిన కొలతే నాకు ఎక్కువ పనికివచ్చింది. అందుకు కారణం ఆ సంస్థ లోపం కాదు, ఈ ఇబ్బందికున్న స్వభావమే అలాంటిది. దాన్ని కొంత వివరిస్తే గానీ తక్కిన విషయం అర్థం కాదు.

వైద్యులు ఫ్రీజింగ్ అనే ఈ స్థితిని మా ఇంట్లో కాళ్లు అతుక్కోవడం అంటాం. ముందుకు వెళ్లాలన్న కోరిక మనసులో స్పష్టంగా ఉంటుంది, నడుము పైభాగం అప్పటికే ముందుకు కదిలి ఉంటుంది, కానీ పాదాలు మాత్రం లేవవు. కొన్నిసార్లు మడమలు కాస్త పైకి లేచి, మోకాళ్లు వేగంగా వణుకుతాయి గానీ అడుగు పడదు. చాలావరకు కొన్ని సెకన్లలోనే విడిపోతుంది. ఆ కొన్ని సెకన్లలోనే మనిషి పడిపోతాడు, ఎందుకంటే దేహం ముందుకు పోతూ ఉండగా కాళ్లు వెనకే నిలిచిపోతాయి. జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ వ్యాధిని వర్ణించినప్పుడే దేహం ముందుకు వంగడాన్ని, నడక తెలియకుండానే పరుగులోకి మారిపోవడాన్ని గుర్తించాడు. రెండు వందల ఏళ్లు గడిచినా నడక సమస్య ఇంకా పరిశోధకుల చేతికి పూర్తిగా చిక్కలేదు. వణుకు, బిగుతు వంటి లక్షణాలకు లెవోడోపా అనే మందు బాగా పనిచేస్తుంది. కాళ్లు అతుక్కోవడం కూడా ఎక్కువగా మందు ప్రభావం తగ్గిన వేళల్లోనే వస్తుంది కనుక అప్పుడు మాత్ర వేసుకుంటే కొంత మేలు కలుగుతుంది. అయితే మందు పూర్తిగా పనిచేస్తున్న సమయంలో కూడా ఆగిపోయేవారు ఉన్నారు. వారిలో నేనూ ఒకడినన్న సంగతి ఈ పరీక్షల్లోనే నిర్ధారణ అయింది.

పరీక్షకు వారం ముందు అక్కడి ఫిజియోథెరపిస్టు ఫోన్ చేసి దాదాపు ముప్పావు గంట మాట్లాడారు. ఎన్నిసార్లు పడ్డారు, ఎక్కడ పడ్డారు, ఏ చేత్తో ఏం పట్టుకుని ఉన్నారు అని ఒక్కొక్క సంఘటననూ అడిగి రాసుకున్నారు. ఆ తరువాత ఒక ప్రశ్నావళి పంపారు. దాన్ని నింపే ముందు చూడవలసిన చిన్న వీడియో ఒకటి ఉంది. అందులో రకరకాల ఫ్రీజింగ్ ఎలా ఉంటుందో చూపించారు. ఆ వీడియో చూశాకే, కుర్చీలోంచి లేచి తొలి అడుగు వేయబోతున్నప్పుడు నాకు కలిగే తడబాటు కూడా ఇదే కోవలోకి వస్తుందని తెలిసింది. అంతవరకు దాన్ని నేను వయసు మీద పడడం అనుకుంటూ వచ్చాను. ప్రశ్న అడిగే ముందు ఆ ప్రశ్న దేని గురించో చూపించడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో ఈ సేవలోని గొప్ప సుగుణాల్లో అది ఒకటి.

సమ్మతి పత్రాన్ని చదివి వినిపించారు, ఎప్పుడైనా కారణం చెప్పకుండానే మానుకోవచ్చని రెండుసార్లు చెప్పారు. మొదటి రోజు పరీక్షకు కనీసం 12 గంటల ముందు నుంచి లెవోడోపా వేసుకోకుండా రావాలని, అది మా న్యూరాలజిస్టు ఒప్పుకుంటేనే అని, వెంట ఒకరు తప్పనిసరిగా ఉండాలని రాతపూర్వకంగా తెలిపారు. మందు లేని స్థితిలో నడకను చూస్తేనే వ్యాధి ఎంత, మందు చేసే మేలు ఎంత అన్నది విడదీసి చూడగలరు. కారణం సరైనదే. కానీ ఆ 12 గంటలు ఎలా గడుస్తాయో కాగితం మీద తెలియదు. రాత్రి పక్క మీద ఒత్తిగిలడానికి కూడా మా అమ్మాయి సాయం కావలసి వచ్చింది.

నా మొదటి ఫిర్యాదు ఇక్కడే. అంత కష్టపడి ఉదయం చెప్పిన సమయానికి చేరుకుంటే, మాకు ముందు వచ్చినవారి పరీక్ష ఆలస్యమైందని 50 నిమిషాలు కూర్చోబెట్టారు. మందు వేసుకున్న మనిషికి 50 నిమిషాలంటే విసుగు మాత్రమే. మందు మానుకుని వచ్చిన మనిషికి అది శారీరక బాధ. మెడ బిగుసుకుపోయింది, గుటక వేయడం కష్టమైంది. ఆ రోజు మందు లేకుండా వచ్చేవారి సమయాల మధ్య ఎక్కువ వ్యవధి ఉంచాలని చివర్లో చెప్పాను. ఆ మాటను రాసుకున్నారు, క్షమించమని అడిగారు కూడా.

పరీక్ష గది విశాలంగా, వెలుతురుగా ఉంది. గోడల పైభాగాన వరుసగా కెమెరాలు ఉన్నాయి. కీళ్ల దగ్గర చిన్న చిన్న మెరిసే గుండ్లు అంటించారు. ఆ కెమెరాలు గుండ్ల కదలికను పట్టుకుని కంప్యూటరు తెర మీద నా అస్థిపంజరం నడుస్తున్నట్టు చూపిస్తాయి. నేల మీద పరిచిన పొడవాటి చాప లోపల ఒత్తిడిని గుర్తించే సెన్సర్లు ఉన్నాయి. ఏ పాదం ఎప్పుడు పడింది, ఎంత పొడవు అడుగు వేసింది, రెండు పాదాలూ నేల మీద ఎంతసేపు ఉన్నాయి అన్నది అది లెక్కిస్తుంది. పడిపోకుండా ఛాతీకి, తొడలకు పట్టీలు బిగించి పైకప్పుకున్న పట్టాకు తగిలించారు. ఆ పట్టీలు నాకు ఇచ్చిన ధైర్యం అంతా ఇంతా కాదు. మూడేళ్లలో పడతానన్న భయం లేకుండా నడిచింది ఆ రోజే.

మొదట తేలికైన పరీక్ష పెట్టారు. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. ఆ తరువాత చాప మీద ఆ చివరి నుంచి ఈ చివరికి పదిసార్లు. ఆశ్చర్యమేమిటంటే, మాత్ర లేకపోయినా, అడుగులు చిన్నవే అయినా, ఒక్కసారి కూడా నా కాళ్లు అతుక్కోలేదు. పక్కన కూర్చున్న మా అమ్మాయి ఉండబట్టలేక, "నాన్న ఇంట్లో రోజుకు పదిసార్లయినా ఆగిపోతారండీ, ఇక్కడ ఇలా నడుస్తుంటే మేం చెప్పినదంతా అబద్ధం అనుకుంటారేమో" అంది. ఫిజియోథెరపిస్టు నవ్వి, "ఇక్కడికి వచ్చేవారిలో చాలామందికి ఇలాగే జరుగుతుందమ్మా, దీని గురించి మీరు మాకు సంజాయిషీ ఇవ్వనక్కరలేదు" అన్నారు.

ఇలా ఎందుకు జరుగుతుందో ఆమె చెప్పిన వివరణ నాకు ఎంతో నచ్చింది. ఆరోగ్యవంతుడు నడుస్తున్నప్పుడు నడక గురించి ఆలోచించడు. అలవాటైన కదలికలను ఆలోచన అవసరం లేకుండా నడిపించే పని మెదడు లోపలి బేసల్ గాంగ్లియా అనే భాగం చూసుకుంటుంది. ఈ వ్యాధిలో డోపమిన్ అనే మెదడు రసాయనం తగ్గినప్పుడు దెబ్బతినేది ఈ ఏర్పాటే. అప్పుడు మనిషి ప్రతి అడుగునూ మనసు పెట్టి, మెదడు పైపొర సాయంతో వేయవలసి వస్తుంది. ప్రయోగశాలలో జరిగేది సరిగ్గా అదే. వెడల్పాటి దారి, చక్కటి వెలుతురు, అడ్డంకులు లేవు, నలుగురు చూస్తున్నారు, "ఇక మొదలుపెట్టండి" అని ఒకరు పిలుస్తారు. ఆ పిలుపే ఒక ఆసరా. మనసంతా నడక మీదే ఉంటుంది కనుక నడక సాగుతుంది. ఇంట్లో అయితే ఫోన్ మోగుతుంది, చేతిలో గ్లాసు ఉంటుంది, తలుపు ఇరుకుగా ఉంటుంది, తొందర ఉంటుంది. ఒక దారి మూసుకుపోయినా మెదడులో మరో దారి తెరిచి ఉండవచ్చనడానికి ఆమె ఒక ఉదాహరణ కూడా చెప్పారు. 2010లో నెదర్లాండ్స్ వైద్యులు 58 ఏళ్ల వ్యక్తి గురించి ప్రచురించారు. నాలుగు అడుగులు వేస్తే ఆగిపోయే ఆయన సైకిలెక్కితే ఏ ఇబ్బందీ లేకుండా తొక్కుకుంటూ వెళ్లగలిగాడట. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన ఊరట చెప్పలేను. ఒకచోట నడిచి మరోచోట ఆగిపోతే ఇది మనసులో పుట్టినదేమో, నేనే సరిగ్గా ప్రయత్నించడం లేదేమో అని మూడేళ్లుగా నన్ను నేను నిందించుకుంటున్నాను.

దాగిన ఇబ్బందిని బయటికి రప్పించడానికి వాళ్ల దగ్గర పద్ధతులున్నాయి. నిలుచున్న చోటే చుట్టూ పూర్తిగా ఒకసారి కుడివైపు, మరోసారి ఎడమవైపు వీలైనంత వేగంగా తిరగమన్నారు. రెండు స్టాండ్లను దగ్గరగా నిలబెట్టి ఇరుకు తలుపులా చేసి అందులోంచి వెళ్లమన్నారు. 100 నుంచి ఏడేసి తీసివేస్తూ పైకి లెక్కపెడుతూ నడవమన్నారు. ఈ చివరిది చూడడానికి తేలికలా ఉంటుంది గానీ నాకు అన్నిటికన్నా కష్టమైంది అదే; 86 దగ్గరికి వచ్చేసరికి అడుగులు సగానికి సగం తగ్గిపోయాయి. ఇక ఎడమవైపు తిరిగేటప్పుడు నాలుగింట మూడుసార్లు పాదాలు అతుక్కుపోయాయి. కుడివైపు ఒక్కసారి కూడా కాలేదు. ఎడమ, కుడి అన్న తేడా ఉందని మాకెవరికీ అంతవరకు తెలియదు. ఆ రోజు నుంచి ఇంట్లో వీలున్నంతవరకు కుడివైపుకే, ఒక్కసారిగా కాకుండా పెద్ద అర్ధచంద్రాకారంలో తిరుగుతున్నాను.

ఆ తరువాత వీడియోను నెమ్మదిగా నడిపించి నాకు చూపించారు. లోపలి నుంచి చూస్తే అది గోడ తగిలినట్టు ఉంటుంది. బయటి నుంచి చూస్తే నిశ్చలత కాదది, మోకాళ్లు సన్నగా వణుకుతూనే ఉన్నాయి. ఈ వణుకే పరిశోధకులకు ఆధారమైంది. మామూలు నడకలో కాలి కదలిక సెకనుకు 3 సార్ల లోపు ఊగే లయలో ఉంటుంది. ఫ్రీజింగ్ సమయంలోని వణుకు సెకనుకు 3 నుంచి 8 సార్ల మధ్య ఉంటుంది. చీలమండకు కట్టిన సెన్సరు ఈ రెండు రకాల కదలికల శక్తిని పోల్చి, రెండోది పెరిగినప్పుడు మనిషి ఆగిపోయాడని గుర్తిస్తుంది. 2008లో ప్రచురితమైన ఈ పద్ధతి మీదే ఆ తరువాత వచ్చిన పరికరాలు ఎన్నో ఆధారపడ్డాయి. అయితే పార్కిన్సన్స్‌లో విశ్రాంతిగా ఉన్నప్పుడు వచ్చే వణుకు కూడా సెకనుకు 4 నుంచి 6 సార్లు ఉంటుంది, అంటే అదే పరిధిలో పడుతుంది. కుర్చీలో కూర్చుని కాలు వణుకుతున్నా పరికరం పొరబడే వీలుందన్నమాట. ఆ సందేహం నేను అడిగినప్పుడు దాటవేయకుండా, అందుకే నడుముకు కూడా సెన్సరు పెట్టి మనిషి నిలుచున్నాడా కూర్చున్నాడా అని చూస్తామని, అయినా పొరపాట్లు జరుగుతాయని, చివరి తీర్పు ఇద్దరు మనుషులు వేర్వేరుగా వీడియో చూసి ఇచ్చేదేనని చెప్పారు. పరికరం గురించి ఇంత నిజాయితీగా మాట్లాడేవారిని నేను తక్కువగా చూశాను.

మాత్ర వేసుకున్న గంట తరువాత అవే పరీక్షలు మళ్లీ జరిపారు. అడుగు పొడవు పెరిగింది, లేచి కూర్చునే వేగం పెరిగింది, కానీ ఎడమవైపు తిరిగేటప్పుడు ఒకసారి ఆగిపోయాను. మందు పనిచేస్తున్నప్పుడు కూడా ఆగిపోతున్నానని ఆధారంతో తెలియడం మా న్యూరాలజిస్టుకు ఉపయోగపడింది; మోతాదు పెంచుకుంటూ పోవడం ఒక్కటే మార్గం కాదని ఆయన అర్థం చేసుకున్నారు.

రెండో రోజు అంతా ఆసరాల గురించే. బయటి నుంచి కంటికో చెవికో ఏదైనా సంకేతం అందితే ఆగిన పాదం కదులుతుందన్నది పాత సంగతే. నేల మీద అడ్డంగా గీసిన గీతలను దాటుతూ ఈ రోగులు చక్కగా నడవగలరని పర్డన్ మార్టిన్ అనే వైద్యుడు 1967లోనే వివరించాడు. నాకు వరుసగా నాలుగు పద్ధతులు ప్రయత్నించి చూపారు. నేల మీద అంటించిన రంగు టేపులు, చెవిలో మెట్రోనోమ్ (ఒకే లయలో టిక్ టిక్ మనే పరికరం) చప్పుడు, లేజర్ బూట్లు, ఏ పరికరమూ లేకుండా మనసులో మెట్టు ఎక్కుతున్నట్టు ఊహించుకుని కాలు ఎత్తి వేయడం.

లేజర్ బూట్ల గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే నేను ఎక్కువ ఆశ పెట్టుకుని వెళ్లింది వాటి మీదే. ఎడమ పాదం నేలకు ఆనగానే ఆ బూటు ముందున్న లేజర్ కుడి పాదం ముందు ఒక గీత వేస్తుంది. కుడి పాదం ఆనితే ఎడమ పాదం ముందు గీత పడుతుంది. గీతను దాటాలనుకోగానే కాలు లేస్తుంది. 2018లో ప్రచురితమైన అధ్యయనంలో 21 మంది వీటిని వాడినప్పుడు మందు లేని స్థితిలో ఆగిపోయిన సంఖ్య దాదాపు 46 శాతం, మందు ఉన్నప్పుడు దాదాపు 38 శాతం తగ్గింది. నా విషయంలో తిన్నని దారిలో అవి అద్భుతంగా పనిచేశాయి. తిరిగేటప్పుడు మాత్రం గీత నా దేహం వెళ్లదలచిన వైపు కాకుండా పాదం చూస్తున్న వైపు పడింది. నేను ఆగిపోయేది తిరిగేటప్పుడే కనుక నాకు దాని వల్ల అంత మేలు కలగలేదు. కళ్లు కిందికి దించి నడవడం వల్ల మెడ ఇంకా వంగిపోయింది. వెలుతురు ఎక్కువగా ఉన్నచోట గీత సరిగ్గా కనిపించలేదు. తిన్నగా నడుస్తున్నప్పుడు ఆగిపోయేవారికి అవి మంచి ఆసరా కావచ్చు. కొనుక్కునే ముందు మాత్రం ఇరుకు చోట, మలుపు దగ్గర వేసుకుని చూడాలని నా సలహా.

మెట్రోనోమ్‌తో నా అడుగుల లయ కుదిరింది. నా మామూలు వేగం కన్నా కాస్త నెమ్మదిగా పెట్టినప్పుడు అడుగు పొడవైంది, వేగంగా పెట్టినప్పుడు అడుగులు పొట్టివై తడబడ్డాను. అందువల్ల ఈ వేగాన్ని ఎవరికి వారు సొంతంగా ఊహించుకుని పెట్టుకోకూడదు, తెలిసినవారు చూసి పెట్టాలి. అన్నిటికన్నా నాకు బాగా పట్టుబడింది పరికరం అక్కర లేని పద్ధతి: ఆగిపోగానే కదలాలని పెనుగులాడకుండా పూర్తిగా నిలబడిపోవడం, ఊపిరి పీల్చుకోవడం, బరువును ఒక కాలి మీదికి నెమ్మదిగా మార్చడం, రెండో కాలిని మెట్టు ఎక్కుతున్నట్టు ఎత్తి పెద్ద అడుగు వేయడం. ఇది ఎవరైనా తొమ్మిదేళ్ల క్రితమే నేర్పి ఉండవలసింది. నాలాంటివారు ఎందరో ఉన్నారని ఆ తరువాత తెలిసింది. నడక ఇబ్బంది ఉన్న 4,324 మంది పార్కిన్సన్స్ రోగులను ప్రశ్నించి 2021లో ప్రచురించిన ఒక సర్వేలో 17 శాతం మంది ఇలాంటి ఉపాయాలున్నాయనే ఎప్పుడూ వినలేదని తేలింది. ఒకరికి పనిచేసినది మరొకరికి పనిచేయకపోవచ్చు, ఒకే మనిషికి ఒకచోట పనిచేసినది మరోచోట పనిచేయకపోవచ్చు. అన్నిటినీ పట్టీల రక్షణలో, తెలిసినవారి కళ్లెదుట ప్రయత్నించే అవకాశం ఈ సేవ ఇచ్చింది. మామూలు వైద్య సంప్రదింపుల్లో అంత సమయం ఎవరికీ దొరకదు.

ఇక ఇంటి వారం. చీలమండలకు రెండు, నడుముకు ఒకటి, అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద సెన్సర్లు. చేతికి గడియారం లాంటిది ఒకటి. కాళ్లు అతుక్కుని విడిపోయాక దాని మీద బొత్తాం నొక్కాలి. రోజూ రాత్రి ఛార్జింగ్ పెట్టాలి, స్నానానికి తీసివేయాలి. వణికే వేళ్లతో చీలమండ దగ్గర పట్టీ కట్టుకోవడం నావల్ల కాలేదు. ప్రతిరోజూ మా అమ్మాయే కట్టింది. ఒంటరిగా ఉండేవారు ఈ వారం ఎలా గడపగలరో నాకు అర్థం కాలేదు. ఆ పట్టీని రూపొందించినవారు ఒక్కసారి చేతి తొడుగులు వేసుకుని దాన్ని కట్టుకుని చూసి ఉంటే వెంటనే మార్చేవారు.

ఏడు రోజుల్లో నేను బొత్తాం నొక్కినవి 41 సార్లు. ఆగిపోయిన ప్రతిసారీ ఎక్కడ, ఏం చేస్తుండగా అన్నది మా అమ్మాయి పుస్తకంలో రాసింది. ఆ రాతను, సెన్సరు లెక్కను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒక చిత్రం కళ్లకు కట్టింది. సగానికి పైగా స్నానాల గది తలుపు దగ్గరే. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఫోన్ మోగగానే లేచినప్పుడు, మధ్యాహ్నం మాత్రకు ముందరి ముప్పావు గంటలో. ఇంట్లో 41 సార్లు జరిగినది ప్రయోగశాలలో రెండు రోజులు కష్టపెడితే గానీ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లు రాలేదు. పరిశోధకులు ఈ సమస్యను ఇంటికి వచ్చి చూడక తప్పదని చెప్పడానికి నాకు ఇంతకన్నా వేరే ఆధారం అక్కర లేదు. ఇళ్లలోనే ఆసరాలు నేర్పించి చూసిన పరిశోధన లేకపోలేదు. 2007లో వెలువడిన అధ్యయనంలో 153 మందికి మూడు వారాల పాటు ఇంటి దగ్గరే సంకేతాలతో నడవడం నేర్పారు. నడక కొంత మెరుగుపడింది, కానీ శిక్షణ ఆగిపోయాక కొద్ది వారాల్లో ఆ మేలు చాలావరకు తరిగిపోయింది. ఈ చివరి విషయం తెలిసీ ప్రయోగశాలలు తమ అధ్యయన కాలం ముగియగానే చేతులు దులుపుకోవడం నాకు బాధ కలిగించింది. మెట్రోనోమ్ పరికరాన్ని వారం కాగానే తిరిగి తీసుకున్నారు. ఫోన్‌లో వేసుకోవడానికి యాప్ ఒకటి సూచించారు గానీ, తెర మీద చిన్న చిన్న గుర్తులను నొక్కడం నా చేతులకు సాధ్యపడలేదు. పైగా ఫోన్ వచ్చినప్పుడు చప్పుడు ఆగిపోతుంది, నాకు అది కావలసింది సరిగ్గా ఆ సమయంలోనే.

నా పెద్ద ఫిర్యాదు నివేదిక గురించి. ఆరు వారాల తరువాత పంపిన పత్రంలో అడుగు పొడవు సగటు, దానిలోని హెచ్చుతగ్గుల శాతం, రెండు కాళ్ల మీద బరువు నిలిచిన కాలం, ఇలాంటి పట్టికలు నాలుగు పుటలు ఉన్నాయి. వాటి అర్థం ఒక్క వాక్యంలోనైనా మాకు తెలిసే మాటల్లో లేదు. నేనే ఫోన్ చేసి అడిగితే ఫిజియోథెరపిస్టు అరగంట ఓపికగా వివరించారు. ఆ అరగంట మాటలనే కాగితం మీద పెట్టి ఉంటే చాలు. దేహాన్ని, సమయాన్ని, నిద్రను ఇచ్చినవారికి ఫలితాన్ని అర్థమయ్యేలా చెప్పడం మర్యాద కోసం చేసేది కాదు, పనిలో భాగం. అలాగే వీడియోలను ఎంతకాలం ఉంచుతారు, ఎవరెవరు చూస్తారు అన్నది సమ్మతి పత్రంలో ఉన్నా, ముఖం కనిపించకుండా చేస్తారా అన్న నా ప్రశ్నకు సమాధానం రావడానికి రెండు వారాలు పట్టింది. చేస్తామనే చెప్పారు.

ఎవరు వెళ్లాలి అన్నదానికి నా సమాధానం ఇది. వెంట ఉండేవారు ఉండి, 12 గంటలు మందు లేకుండా ఉండడానికి వైద్యుడు ఒప్పుకుంటే తప్పక వెళ్లండి. మందు ఆపితే మింగడం, ఊపిరి ఇబ్బందిగా మారేవారు ఆ భాగాన్ని వదిలేయమని అడగండి. మందు వేసుకున్న స్థితిలో మాత్రమే జరిపే అధ్యయనాలు కూడా ఉంటాయి. చేరే ముందే మూడు విషయాలు అడిగి తెలుసుకోవడం మంచిది: ఇంట్లో కొలిచే భాగం ఉందా, నివేదికను కూర్చోబెట్టి వివరిస్తారా, పనికివచ్చిన ఆసరాను అధ్యయనం ముగిశాక ఉంచుకోనిస్తారా. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ఈ వ్యాధి ఉన్నవారు 85 లక్షలకు పైగా ఉన్నారు. పైన చెప్పిన అధ్యయనంలో లేజర్ బూట్లు వేసుకుని చూసినవారు 21 మంది. ట్రెడ్‌మిల్ మీద కృత్రిమ దృశ్యాల మధ్య నడిపించి, పడిపోవడం తగ్గుతుందని 2016లో చూపిన పెద్ద పరిశోధనలో పార్కిన్సన్స్ లేని వృద్ధులను కూడా కలుపుకుంటేనే 302 మంది. ఆ సంఖ్యల్లోని ప్రతి ఒక్కరూ తమ సమయాన్ని, నడకను ఇచ్చి వచ్చినవారే అని ఇప్పుడు నాకు తెలుసు, అందుకే ఆ అంకెలను ఇదివరకటిలా చదవలేకపోతున్నాను.

స్నానాల గది తలుపు ముందు నేల మీద ఇప్పుడు మూడు పసుపు రంగు టేపులు అడ్డంగా అంటించి ఉన్నాయి. అక్కడ ఆగిపోవడం పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. ఆరు నెలల తరువాత జరిగే రెండో విడతకు రమ్మని పిలుపు వచ్చింది, వస్తానని చెప్పాను. ఈసారి ప్రయోగశాలలో పెట్టే ఇరుకు తలుపును ప్రతివారికీ వారి ఇంటి కొలతకు సరిపడేలా జరుపుతామని, మా ఇంట్లో నాకు కష్టమైన తలుపు వెడల్పు ఎంతో పంపమని అడిగారు. మా అమ్మాయి నిన్న సాయంత్రం టేపు పెట్టి కొలిచింది. 68 సెంటీమీటర్లు ఉంది. ఆ అంకె వాళ్లకు పంపించాను.